పిల్లలకి పాతకాలం కథ రాద్దాం – 4వ పాఠం: పనిలో మొదటి తెల్లవారుజాము

పోయిన పాఠంలో మన పిల్ల హానాని గేటు దాటించి ఆపేశాం కదా. లండన్, 1870, ఫౌండ్లింగ్ హాస్పిటల్లో పెరిగిన పిల్ల, 15 ఏళ్లు, ఒకరింట్లో పనికి కుదిరింది. హాస్పిటల్ అంటే ఆసుపత్రి కాదని మళ్ళీ చెప్తున్నా, థామస్ కోరమ్ అనే ఆయన ఏళ్ల తరబడి తిరిగి తిరిగి 1739లో రాజుగారి అనుమతి తెచ్చి పెట్టించిన పిల్లల ఆశ్రమం అది.

ముందు ఒక చిక్కు తేల్చుకుందాం. మనం అనాథ అనేస్తున్నాం గానీ అక్కడ చాలామంది పిల్లలకి తల్లి బతికే ఉండేది. పెళ్లికాని తల్లి, పెంచే దారిలేక అప్పగించేసేది, చేర్చుకున్న రోజే పిల్లకి కొత్త పేరు పెట్టేసేవాళ్లు, అమ్మ పెట్టిన పేరు రిజిస్టర్లోనే ఉండిపోయేది. ఇక పనిలో చేరాక ఆ ఇంటావిడకి ఈ పేరు నచ్చకపోతే పనిపిల్లలందరినీ పిలిచినట్టే మేరీ అనో ఇంకోటో పిలిచేది. అంటే పేరు రెండుసార్లు పోయింది! కథంతా ఇక్కడే ఉంది నన్నడిగితే.

అన్నట్టు, ఎప్పటికైనా వస్తే పిల్లని పోల్చుకోడానికి తల్లి గుర్తుగా వదిలిన గుడ్డముక్క, విరిగిన నాణెం ఇవి పెట్టాలని అందరికీ చేతులు దురదపెడతాయి, నాకూ పెట్టాయి. కానీ అవి 18వ శతాబ్దం సంగతి, మన పిల్ల పుట్టేసరికి తల్లికి రసీదు ఇచ్చే పద్ధతి వచ్చేసింది, కాబట్టి వద్దు.

సరే, తెల్లవారుజాము. ఇల్లంతటికీ ఒక్కతే పనిపిల్ల అయితే ఏ పని తర్వాత ఏ పనో ఇసబెల్లా బీటన్ అనే ఆవిడ ఇంటి నిర్వహణ మీద రాసిన 1861 నాటి పుస్తకంలో వరసగా ఉంది. కిటికీ తలుపులు తీయాలి, వంటింటి పొయ్యిలో బూడిద ఎత్తి బ్రష్‌తో దులిపి మంట రాజేయాలి, భోజనాల గది సర్దాలి, హాలు ఊడ్చాలి, వీధి మెట్లు శుభ్రం చేయాలి, బూట్లు తుడవాలి, ఇదంతా అయ్యాక ఇంటివాళ్ల టిఫిను. ఇనప పొయ్యికి బ్లాక్ లెడ్ అని గ్రాఫైట్ పాలిష్ రుద్దేవాళ్లు, గోళ్లలోకి దిగితే ఓ పట్టాన వదలదు.

ఇప్పుడు ఈ లిస్టుని ఉన్నదున్నట్టు కథలోకి దించితే పిల్లలు రెండో పేజీలో పుస్తకం మూసేస్తారు. నేను మొదట్లో రాసింది చూడండి, సిగ్గుగానే ఉంది:

"ఆ రోజుల్లో పనిపిల్లల బతుకు చాలా దుర్భరంగా ఉండేది. పాపం హానా ఎంతో కుమిలిపోయింది."

కుమిలిపోయిందని నేను చెప్తే ఎవరు నమ్ముతారు? తిరగరాశాను:

"పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగానే ఉంది. హానా రెండు చేతులూ అందులో పెట్టి కాసేపు అలాగే ఉంచేసింది. మెట్ల మీద చప్పుడైంది. గబుక్కున బ్రష్ అందుకుంది."

చలి ఉంది, భయం ఉంది, దొంగతనంగా దొరికిన కాస్త సుఖం కూడా ఉంది, ఒక్క బాధ మాటా లేదు. చేతులు ఏం చేస్తున్నాయో రాస్తే కాలం దానంతటదే వచ్చేస్తుంది, సంవత్సరం పైన వేయకపోయినా.

ఇంకోటి, ఇది తెలుగులో రాసేవాళ్లకి మాత్రమే వచ్చే అదృష్టం. ఆ పిల్ల ఇంటావిడని ఏమని పిలవాలి? మేడమ్ అంటే స్కూల్ టీచర్‌లా ఉంది. అమ్మగారూ అని రాయండి. ఏళ్ల తరబడి ఎవర్నీ అమ్మా అనని పిల్ల నోటెంట ఆ మాట రావడం చూడండి ఎలా ఉందో. కానీ దయచేసి కింద వివరణ ఇవ్వకండి, ఒక్కసారి అనిపించి వెంటనే బొగ్గుల బకెట్ ఎత్తించి పైకి పంపేయండి.

హోంవర్క్: ఇంటావిడ పేరు మార్చే సీను, 12 వాక్యాల్లో, ఏడుపు లేకుండా. హానా చేతిలో ఏదో ఒక పని నడుస్తూ ఉండాలి. వచ్చే పాఠంలో మధ్యాహ్నం, అంటే పొద్దున్న వేసుకున్న పువ్వుల గౌను మార్చి నల్ల గౌను తొడుక్కుని చుట్టాలకి తలుపు తీసే వేళ.