హగురో, గస్సాన్, యుదోనో కొండలకు వెళ్లే ముందు

ఈ మూడు పవిత్రమైన కొండలున్న జపాన్‌లోని యమగత ప్రాంతానికి వెళ్తుంటే ముందు బూట్లు చూసుకోండి, హగురో కొండకున్న 2,446 రాతిమెట్లు సుగి (జపాన్ దేవదారు) చెట్ల నీడలో ఉంటాయి, వాన పడితే జారతాయి.

గస్సాన్ (1,984 మీటర్లు) మీద జులైలోనూ మంచు ఉంటుంది, పైన గుడి తెరిచి ఉండేది జులై 1 నుంచి సెప్టెంబరు మధ్య వరకే, అందుకే తేదీలు చూశాకే టికెట్లు కొనండి. స్వెటర్, రెయిన్‌కోటు తప్పనిసరి. ఎలుగుబంట్లు తిరుగుతాయి, బ్యాగుకి చిన్న గంట కట్టుకోండి.

యుదోనోలో చెప్పులు విప్పాలి, ఫొటోలు అస్సలు తీయకూడదు. వేడినీళ్లు పారే ఎర్రటి బండే అక్కడ దేవుడు, కాళ్లకింద ఆ వెచ్చదనం తెలుస్తుంది, దయచేసి ఫోన్ బయటికి తీయకండి.

జులై 15న హగురోలో పూల పండగ, శుభమని పూలు అందుకోవడానికి జనం ఎగబడతారు, పిల్లల చెయ్యి వదలొద్దు. యాత్రికుల బస ముందే బుక్ చేసుకోండి, చేతిలో నగదు ఉంచుకోండి, దగ్గరి ఊరు త్సురుఓకాకి చివరి బస్సు ఎన్నింటికో పొద్దున్నే కనుక్కోండి.