పెద్ద సంఖ్యను విప్పడం – 4వ పాఠం: పిలవని పేరంటానికి వచ్చిన 41

ఈసారి 19 భాగిస్తుందో లేదో చూసే చిట్కాతో మొదలుపెడదామనుకున్నాను. మీ జవాబులు చూశాక కుదరలేదు. పోయినసారి ఇచ్చిన లెక్క: విజయనగరం పిన్‌కోడు 535002ను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టి, భాజకాలెన్నో చెప్పడం. ఆ సంఖ్యను మా ఇంటికొచ్చిన శుభలేఖ కవరు మీద చూసి ఎంచుకున్నాను. మీలో చాలామంది దాని కారణాంకాల్లో 41 వేశారు. భాగించి చూడండి: 13048 సార్లు పోయి 34 మిగులుతుంది.

ఎలా వచ్చిందో తెలుసు. 7, 11, 13 భాగిస్తాయో లేదో చూసే 1001 పద్ధతిలో సంఖ్యను మూడేసి అంకెలుగా కోశాం: 535, 002. తీసివేస్తే 533. అది 13 × 41. ఇంకేం, రెండూ రాసేశారు.

అయ్యా, 535 × 1001 = 535535. అందులోంచి 533 తీసేస్తే మన 535002. 1001 అంటే 7 × 11 × 13. ఈ మూడూ 535535ను ఎలాగూ భాగిస్తాయి, కాబట్టి వీటి సంగతి 533ను అడిగితే చాలు. 13 ఉంది, 7, 11 లేవు. 41 అలా కాదు. అది 533ను భాగిస్తుంది, 535535ను భాగించదు. అలాంటప్పుడు తేడాను ఎలా భాగిస్తుంది?

ఇంకా నమ్మకం కుదరకపోతే 3008 తీసుకోండి. 8 − 3 = 5. చివర 8 ఉన్న సంఖ్యను 5 భాగిస్తుందా? 1042 చూడండి: 42 − 1 = 41, కానీ 1042ను 41తో భాగిస్తే 17 మిగులుతుంది. 1001 కబురు పంపింది ముగ్గురికే.

మిగతాది తేలిక. 6తో భాగిస్తే 89167, 13తో భాగిస్తే 6859. కొందరు ఇక్కడ ఆగిపోయారు. 6859 మొండిగా కనిపిస్తుంది, నిజమే. 19 కోసం నేను భాగహారం చేయను. చివరి అంకెను రెట్టింపు చేసి మిగతాదానికి కలుపుతాను: 685 + 18 = 703, మళ్లీ 70 + 6 = 76. అది 19 × 4. కాబట్టి 6859ని 19 భాగిస్తుంది, 361 వస్తుంది. 361 అంటే 19 × 19. ఇరవయ్యో ఎక్కం దాకా వల్లించినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

535002 = 2 × 3 × 13 × 19 × 19 × 19. భాజకాలు 32. పదహారన్నవాళ్లు 19ని ఒక్కసారే లెక్కేశారు. దాన్ని అసలు తీసుకోకపోవచ్చు, ఒకటి, రెండు, మూడుసార్లు తీసుకోవచ్చు, అంటే నాలుగు దారులు: 2 × 2 × 2 × 4.

అభ్యాసం: శ్రీకాకుళం పిన్‌కోడు 532001. 1001 పద్ధతిలో 531 వస్తుంది, అది 9 × 59. 59 అని రాస్తే మాత్రం ఊరుకోను. సంఖ్య విడిపోతే ఒక కారణాంకమైనా దాని వర్గమూలాన్ని దాటదు. 730 వర్గం 532900, మన సంఖ్యను దాటిపోయింది, కాబట్టి 730కి ముందున్న ఆఖరి ప్రధాన సంఖ్య 727 దగ్గర ఆగొచ్చు. 13 దాకా ఏదీ భాగించదు, 17 నుంచి అక్కడి దాకా 123 ప్రధాన సంఖ్యలున్నాయి. నాకు శుభలేఖ రెండువైపులా నిండిపోయింది, మీరు నోటుబుక్ పెట్టుకోండి. శేషాలన్నీ రాసి పంపాలి. “ఏదీ భాగించలేదండీ” అని ఒక్క ముక్క రాస్తే ఒప్పుకోను.