హైస్కూల్ ఫుట్‌బాల్ సీజన్‌ని ఎలా చూడాలి: టెక్సాస్‌లోని తెలుగు అమ్మానాన్నలకు

మీవాడు ఈ ఆగస్టు నుంచి హైస్కూల్ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్) ఆడబోతున్నాడా? అయితే ముందే ఒక మాట చెబుతాను. ఎన్ని గెలిచారు, ఎన్ని ఓడారు అనే లెక్క ఒక్కటే చూసుకుంటే సీజన్ మీకు అర్థం కాదు, ఇంట్లో మూడు నెలల టెన్షన్ మిగులుతుంది. మావాడు 5ఏ స్కూల్ (5ఏ అంటే విద్యార్థుల సంఖ్యను బట్టి స్కూళ్లకు ఇచ్చే తరగతి) వర్సిటీలో, అంటే ప్రధాన జట్టులో లెఫ్ట్ గార్డ్, ముందు వరసలో ఎడమ వైపు అవతలివాళ్లను అడ్డుకునేవాడు. కిందటి సీజన్‌లో వాళ్లు వరసగా ఓడారు, కోలుకున్నారు, మళ్లీ పడ్డారు, చివరి వారం దాకా ప్లేఆఫ్స్ (సీజన్ తర్వాతి నాకౌట్ మ్యాచ్‌లు) సంగతి తేలలేదు. అదంతా దగ్గరుండి చూశాక, కొత్తగా వచ్చేవాళ్లకు పనికొస్తుందనిపించినవి రాస్తున్నాను.

మొదటి పని షెడ్యూల్ ప్రింట్ తీసి ఫ్రిజ్‌కి అంటించడం. రెగ్యులర్ సీజన్‌లో పది మ్యాచ్‌లు. ఆగస్టు చివర్లో మొదలై నవంబరు మొదట్లో ముగుస్తాయి, మధ్యలో ఒక వారం ఖాళీ ఉండొచ్చు. మొదట్లో జరిగే కొన్ని మ్యాచ్‌లు నాన్-డిస్ట్రిక్ట్, అంటే మన డిస్ట్రిక్ట్ (ఒకే గుంపులో పెట్టిన స్కూళ్లు) బయటి జట్లతో. అవి ఎక్కడ ఆగి డిస్ట్రిక్ట్ మ్యాచ్‌లు ఎక్కడ మొదలవుతాయో చూసి, అక్కడ పెన్నుతో అడ్డంగా ఒక గీత గీయండి. గీతకు పైనున్న ఫలితాలు డిస్ట్రిక్ట్ పట్టికలోకి రావు. ప్లేఆఫ్స్‌కి వెళ్లేది డిస్ట్రిక్ట్‌లో మొదటి నాలుగు జట్లు. ఇద్దరూ సమానంగా నిలిస్తే సాధారణంగా వాళ్లిద్దరి మధ్య మ్యాచ్ ఎవరు గెలిచారో చూస్తారు.

ఈ గీత తెలియకపోతే సెప్టెంబరులోనే నీరుగారిపోతారు. మావాళ్లు గీతకు పైనున్నవన్నీ ఓడారు. ఒకదాంట్లో అయితే హాఫ్‌టైమ్‌కే ఆట చేయి దాటిపోయింది. పక్కన కూర్చున్నవాళ్లు "ఈ ఏడాది ఇంతేలెండి" అనేశారు. కానీ చాలామంది కోచ్‌లు మొదట్లో తమకన్నా బలమైన జట్లతో కావాలనే మ్యాచ్‌లు పెట్టుకుంటారు. పిల్లలకు ఆ వేగం, ఆ బరువు అలవాటు కావాలని. ఆ వారాల్లో స్కోరు చూసి మీవాడి దగ్గర పెదవి విరవకండి.

ఆట నియమాలు మొదట్లో ఎక్కువ అక్కర్లేదు. నాలుగు డౌన్లలో, అంటే నాలుగు ప్రయత్నాల్లో, పది గజాలు ముందుకు వెళ్తే మళ్లీ నాలుగు డౌన్లు వస్తాయి. టచ్‌డౌన్‌కి (బంతితో అవతలి గోల్ గీత దాటితే) 6 పాయింట్లు, ఆ తర్వాత కిక్‌కి 1, ఫీల్డ్ గోల్‌కి (బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపితే) 3. పన్నెండు నిమిషాల క్వార్టర్లు నాలుగు. స్కోరు సమానమైతే ఓవర్‌టైమ్‌లో ఇద్దరికీ 25 గజాల గీత దగ్గర నుంచి చెరో అవకాశం ఇస్తారు. మిగతాదంతా చూస్తూ ఉంటే అదే వస్తుంది.

కష్టమంతా ఎక్కడ చూడాలో తెలుసుకోవడంలో ఉంది. మీవాడి జెర్సీ నంబరు 50కీ 79కీ మధ్య ఉంటే వాడు లైన్‌లో (ముందు వరసలో) ఆడుతున్నాడని అనుకోవచ్చు. మైకులో వాడి పేరు వినపడేది దాదాపుగా పెనాల్టీ పడ్డప్పుడే. స్నాప్‌కి (బంతి ఆటలోకి వచ్చే క్షణానికి) ముందు కదిలితే ఫాల్స్ స్టార్ట్, 5 గజాలు వెనక్కి. ఎదుటివాణ్ణి పట్టి లాగితే హోల్డింగ్, 10 గజాలు. అందుకని బంతి వదిలేసి వాణ్ణే చూడండి. స్నాప్ అవగానే వాడి భుజాలు ఎదుటివాడి భుజాలకన్నా కిందగా ఉన్నాయా? గుద్దుకున్నాక కూడా కాళ్లు ఆడుతున్నాయా, అక్కడే పాతుకుపోయాయా? విజిల్ పడేసరికి ఎదుటివాడు ఎన్ని అడుగులు వెనక్కి వెళ్లాడు? మూడో క్వార్టర్ చివర్లో డౌన్‌కీ డౌన్‌కీ మధ్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడుతున్నాడంటే ఊపిరి అందడం లేదన్నమాట. ఒకే ఆటగాణ్ణి ఇలా ఒక క్వార్టరంతా గమనిస్తే, స్కోర్‌బోర్డు చెప్పని సంగతులు చాలా తెలుస్తాయి.

మా హోమ్‌కమింగ్ మ్యాచే (పాత విద్యార్థులను పిలిచి చేసే వేడుక నాటి ఆట) చూడండి. ఆఖరి నిమిషాల్లో మావాళ్లు ఒక పాయింటు వెనకబడి ఉన్నారు. తమ వైపు 20 గజాల గీత దగ్గర మొదలుపెట్టి, పాస్ అన్నది వేయకుండా, అన్నీ రన్నులతోనే అవతలి 15 దాకా వెళ్లారు. రన్ వెళ్తున్నది ఎక్కువగా ఎడమ వైపు నుంచే, మావాడి భుజం పక్క నుంచి. అక్కడ బంతి చేజారింది. ఫంబుల్. అవతలివాళ్లు పట్టుకున్నారు, మ్యాచ్ పోయింది. గ్యాలరీ అంతా తలలు పట్టుకుంది. నేను మాత్రం ఆ డ్రైవ్ (20 నుంచి అవతలి 15 దాకా సాగిన ఆ రన్నుల వరస) గురించే ఆలోచిస్తూ కారు దాకా నడిచాను. సెప్టెంబరులో ఇదే లైన్ మూడో డౌన్‌లో రెండు గజాలు తెచ్చుకోలేక అల్లాడింది. ఓడిన మ్యాచ్‌లోనే వీళ్లకు దారి దొరికిందని నాకు అనిపించింది. తర్వాతి రెండు మ్యాచ్‌లు అలాగే, నేల మీద పరుగులతోనే గెలిచారు.

ఇలాంటివి గుర్తుండాలంటే చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. మూడు చాలు: పొట్టి మూడో డౌన్లలో (ఒకటి రెండు గజాలే కావాల్సిన మూడో ప్రయత్నాల్లో) ఎన్ని గెలిచారు, పెనాల్టీలు ఎన్ని, బంతి ఎన్నిసార్లు పోగొట్టుకున్నారు. వారం వారం పక్కపక్కన రాస్తే జట్టు ఎటు పోతోందో మీకే కనిపిస్తుంది.

శుక్రవారం రాత్రి మ్యాచ్ అయ్యాక కారులో ఏం మాట్లాడాలి? మా ఇంట్లో పద్ధతి ఇదీ: వాడు ఎత్తేదాకా ఆట మాట ఎవరూ ఎత్తరు. డబ్బాలో ఏదో ఒకటి వేడిగా ఉంటుంది, మావాడికైతే ఎగ్ ఫ్రైడ్ రైస్. తింటూ తింటూ తనే మొదలుపెడతాడు, లేకపోతే నిద్రపోతాడు. రెండూ మంచివే. శనివారం పొద్దున కోచ్‌లు వీడియో పెట్టి ఒక్కో డౌన్‌నీ ఆపి ఆపి చూపిస్తారు. తప్పులన్నీ అక్కడ బయటపడతాయి, శుక్రవారం రాత్రి మనం విడిగా చెప్పాల్సిన పని లేదు. "వాళ్లబ్బాయి క్యాచ్ పట్టుంటేనా" లాంటి మాటలు మాత్రం అసలు వద్దు. వాడికి ఆ అబ్బాయి తోడు కావాలి. గ్యాలరీలో కూడా అంతే. మీరు అరిచి తిట్టే క్వార్టర్‌బ్యాక్ వాళ్లమ్మ మీ ముందు వరసలోనే ఉంటుంది.

కోచ్‌తో మాట్లాడాలనిపిస్తే మ్యాచ్ అయ్యాక కనీసం ఒక రోజు ఆగండి. చాలా జట్లలో సీజన్ మొదటి మీటింగ్‌లోనే ఈ మాట చెబుతారు. మావాణ్ణి ఎందుకు ఆడించలేదు అని మీరు అడగకండి, వాణ్ణే వెళ్లి "నేను ఏం మెరుగుపరుచుకోవాలి సర్" అని అడగమనండి. ఆరోగ్యం, చదువు, ఇంట్లో ఏదైనా కష్టం ఉంటే మాత్రం మీరే వెళ్లి మాట్లాడాలి.

చదువు అన్నాను కాబట్టి, నో పాస్ నో ప్లే. 1984 నుంచి ఉన్న నియమం. గ్రేడింగ్ పీరియడ్ ముగిసేసరికి ఏ సబ్జెక్టులోనైనా 70కి తగ్గితే కనీసం మూడు వారాలు మ్యాచ్ ఆడనివ్వరు. ప్రాక్టీసుకి రావచ్చు, అంతే. కొన్ని అడ్వాన్స్‌డ్ కోర్సులకు మినహాయింపు ఉంది, కౌన్సెలర్‌ని అడగండి. మా జట్టులో ఒక మంచి లైన్‌బ్యాకర్‌కి 68 వచ్చింది. డిస్ట్రిక్ట్ మ్యాచ్‌లు ఊపందుకున్న వారాల్లో ఆ పిల్లాడు జెర్సీ వేసుకోకుండా సైడ్‌లైన్‌లో నిలబడి నీళ్ల సీసాలు అందించాడు. ఆదివారం సాయంత్రం గ్రేడ్ల పోర్టల్ తెరిచి చూడటం మన పని.

ఇక తల దెబ్బలు. ఇక్కడ మొహమాటం వద్దు. 2011లో టెక్సాస్ చేసిన చట్టం ప్రకారం, పిల్లాడికి కంకషన్ (తల దెబ్బకి మెదడు అదరడం) అయి ఉండొచ్చని కోచ్‌కో డాక్టరుకో అనిపించినా, తల్లికో తండ్రికో అనిపించినా సరే, వెంటనే బయటికి తీసుకురావాలి. ఆ హక్కు మనకూ ఉంది. మళ్లీ ఆడాలంటే డాక్టరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, దశలవారీగా తిరిగి ఆటలోకి తెచ్చే ప్రక్రియ పూర్తవ్వాలి, మనం సంతకం పెట్టాలి. కోచ్ ఒక్కడే "ఓకే, ఆడు" అనడానికి లేదు. తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం, అడిగిందే అడగడం లాంటివి శనివారం బయటపడినా సరే, అథ్లెటిక్ ట్రైనర్‌కి ఫోన్ చేయండి. కీలకమైన మ్యాచ్ ముందుంటే పిల్లలు దాచేస్తారు. అందుకే మీరు గమనించాలి.

మావాళ్లు చివరి వారం గెలిచి నాలుగో స్థానంతో ప్లేఆఫ్స్‌కి వెళ్లారు. మొదటి రౌండ్‌లోనే పక్క డిస్ట్రిక్ట్ చాంపియన్ ఎదురుపడింది, ఓడిపోయారు. ప్లేఆఫ్స్‌లో ఒక్క ఓటమితో అంతా అయిపోతుంది. డిసెంబర్‌లో ఆర్లింగ్టన్‌లోని ఏటీ అండ్ టీ స్టేడియంలో ఫైనల్ దాకా వెళ్లేది ఏ కొద్ది జట్లో. ఓడిన రాత్రి సీనియర్లు (ఆఖరి ఏడాది పిల్లలు) ఏడుస్తారు, వాళ్లలో చాలామందికి అదే ఆఖరి మ్యాచ్. మీవాడు జూనియరైనా సరే, వాళ్లతో కాసేపు ఉండనివ్వండి, పార్కింగ్ నుంచి ఫోన్ చేసి తొందరపెట్టకండి.

తర్వాతి వారం హెల్మెట్, ప్యాడ్లు వెనక్కి ఇచ్చేయాలి, లేకపోతే బిల్లు వేస్తారు. వెయిట్ రూమ్ టైమింగ్స్ కనుక్కోండి, వచ్చే ఏడాది ఫిజికల్ ఫారం కోసం డాక్టరు అపాయింట్‌మెంట్ వేసవి రద్దీకి ముందే తీసుకోండి. ఇంకొకటి, సరిసంఖ్య సంవత్సరాల్లో ఫిబ్రవరిలో యూఐఎల్ (టెక్సాస్ స్కూల్ పోటీలను నడిపే సంస్థ) డిస్ట్రిక్ట్‌లను మళ్లీ విడదీస్తుంది. పాత ప్రత్యర్థులు మారిపోవచ్చు, బస్సు ప్రయాణాలు పెరగొచ్చు. ఆ జాబితా రాగానే కొత్త డిస్ట్రిక్ట్‌లో ఎవరెవరున్నారో చూసి, మళ్లీ ఒక ప్రింట్ తీసుకోండి.