తోటి వార్‌గేమర్‌కి యుద్ధ చరిత్ర పుస్తకం చెప్పడం ఎలా?

పర్లాకిమిడిలో మా వార్‌గేమ్, అంటే జరిగిపోయిన యుద్ధాల్ని టేబుల్ మీద మళ్ళీ ఆడే ఆట, ఆదివారం భోజనాలయ్యాక మొదలవుతుంది. డైనింగ్ టేబుల్ మీద హెక్స్ (ఆరు మూలల) గళ్ళ మ్యాపు, దాని మీద దళాలకి గుర్తుగా అట్టముక్కల కౌంటర్లు, పక్కన రెండు పాచికలు. ఆడేవాళ్ళం ఐదుగురం. బ్యాంకు ఉద్యోగి ఒకాయన, హోమియో డాక్టరు ఒకాయన, గోపాల్‌పూర్ ఎయిర్ డిఫెన్స్‌లో పనిచేసి రిటైరైన హవల్దారు గారు, ఒడియా లెక్చరరు ఒకాయన, నేను. చిన్నప్పుడు అరుగు మీద సుద్దముక్కతో గీసుకుని పులి-మేక ఆడినవాళ్ళకి ఇదేమంత కొత్త కాదు. ఒకవైపు బలం, మరోవైపు సంఖ్య, ఎవరి గెలుపు లెక్క వాళ్ళది.

ఆట అయ్యాక ఎవరో ఒకరు అడుగుతారు: "ఈ యుద్ధం గురించి మంచి పుస్తకం ఏదైనా ఉంటే చెప్పండి మాస్టారూ." నేను మొదట్లో ఆ మాట కోసమే కాచుకు కూర్చునేవాణ్ణి. ఒకసారి బ్యాంకు ఆయన ఊరికే మర్యాదకి అడిగితే, మార్టిన్ వాన్ క్రెవెల్డ్ 1977లో రాసిన 'సప్లయింగ్ వార్' తెచ్చి చేతిలో పెట్టాను. సైన్యాలకి తిండి, మేత, పెట్రోలు ఎలా అందేవో లెక్కలతో చెప్పే పుస్తకం. నాకు ప్రాణం. ఎనిమిది నెలల తర్వాత వాళ్ళింటికి వెళ్తే డాబా మీద వడియాలు ఆరబెట్టి ఉన్నాయి. కింద పరిచిన పాత చీర గాలికి ఎగరకుండా నాలుగు మూలలా బరువులు పెట్టారు. మూడు మూలల ఇటుకలు. నాలుగో మూల నా పుస్తకం.

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. గుర్రాల మేత గురించి ఆయన నన్ను అడగలేదు. నాకు నచ్చింది గనుక ఆయన నెత్తిన పెట్టాను. అప్పట్నించి పద్ధతి మార్చాను. ఆ పద్ధతే ఇది.

మొదట, ప్రశ్న పట్టుకోండి

"మంచి పుస్తకం చెప్పండి" అన్నది ప్రశ్న కాదు. అసలు ప్రశ్న ఆట మధ్యలోనే బయటపడుతుంది, అదీ ఎక్కువగా ఓడిపోయేవాడి నోట్లోంచి. చెవి అటు పెట్టండి.

మేం ఒకసారి చందుర్తి యుద్ధం ఆడాం. 1758 డిసెంబరులో గొల్లప్రోలు దగ్గర జరిగింది. ఒకవైపు ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్. మరోవైపు ఇంగ్లీషు కంపెనీ కర్నల్ ఫోర్డ్, ఆయనతో విజయనగరం ఆనందరాజు. యూరపు సైనికులు రెండువైపులా ఐదేసి వందలకి కాస్త అటూఇటూ. సిపాయిలు మాత్రం ఫ్రెంచి వైపు ఆరు వేలు, ఫోర్డ్ దగ్గర రెండు వేల లోపు. అయినా ఫోర్డ్ గెలిచాడు. మా టేబుల్ మీద ఫ్రెంచి వైపు ఆడిన డాక్టరు గారూ ఓడిపోయారు. "ఇంతమంది ఉండి ఎలా ఓడిపోయానండీ?" అన్నారు.

అదీ ప్రశ్న. దానికి జవాబు ఇంగ్లీషు చరిత్రకారుడు మాలెసన్ 1883లో వేసిన 'డెసిసివ్ బ్యాటిల్స్ ఆఫ్ ఇండియా'లో ఉంది. ఫోర్డ్ సిపాయిలకి ఎర్ర కోట్లు తొడిగాడు. అతని యూరపు దళమేమో ఏపుగా పెరిగిన చేను చాటున పడింది. ఫ్రెంచివాళ్ళు ఎర్ర కోట్లు చూసి, ఇంగ్లీషువాళ్ళు వీళ్ళేనని సిపాయిల మీద పడ్డారు. వాళ్ళని తరుముతూ వరస చెదిరిపోయాక, చేను పక్క నుంచి అసలు దళం వచ్చి తగులుకుంది. డాక్టరు గారికి పుస్తకం మొత్తం చెప్పలేదు, ఆ ఒక్క అధ్యాయం చెప్పాను. మర్నాడే చదివి, "మన ఆటలో కౌంటర్లు తలకిందులుగా పెట్టి ఆడాలండీ, ఎవరెవరో తెలియకుండా" అని ఫోన్ చేశారు. అంతకన్నా ఏం కావాలి?

ఎవరి నోటా ప్రశ్న రాకపోతే ఆ వారం ఏ పుస్తకమూ చెప్పకండి.

తర్వాత, చదివే మనిషి కొలత చూసుకోండి

యుద్ధ చరిత్రలో మనకి పనికొచ్చే పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషులోనే ఉన్నాయి. అడిగిన మనిషి ఇంగ్లీషు ఎంత తేలిగ్గా చదువుతాడు, రోజుకి ఎంతసేపు చదువుతాడు, ఎంత ఖర్చు పెడతాడు, ఈ మూడూ మీకు తెలిసి ఉండాలి. నోరు తెరిచి అడగనక్కర్లేదు. ఆట రూల్ బుక్ ఎన్నాళ్ళలో చదివాడో గుర్తు చేసుకుంటే చాలు.

కొత్తవాళ్ళకి ఆస్‌ప్రే అనే ఇంగ్లీషు ప్రచురణ సంస్థ వాళ్ళ క్యాంపెయిన్ సిరీస్ నయం. ఒక్కో పుస్తకం 96 పేజీలు, నిండా మ్యాపులు, బొమ్మలు. లోతు తక్కువన్నది నిజమే. కానీ పూర్తిచేసిన 96 పేజీలు వడియాల మీద పెట్టిన 300 పేజీల కంటే మేలు. డబ్బు పెట్టలేనివాళ్ళకి కాపీరైటు తీరిన పాతవి ఉన్నాయి. మాలెసన్, ఆర్మ్ లాంటివి నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

పాతవాటితో ఒక చిక్కుంది, పేర్లు. రాబర్ట్ ఆర్మ్ 18వ శతాబ్దంలో రాసిన కంపెనీ యుద్ధాల చరిత్రలో మన విజయనగరం విజయరామరాజు 'విజెరామ్‌రాజ్' అయి కూర్చుంటాడు, ఆనందరాజు 'అనుండెరాజ్'. ఎవరు ఎవరో తేలక పదో పేజీకే జనం వదిలేస్తారు. అందుకని పాత పుస్తకం చెప్పేటప్పుడు ఒక చీటీ రాసివ్వండి: పుస్తకంలో పేరు ఇది, మనం పిలిచేది ఇది అని. పదిహేను పేర్లు చాలు. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, నా అనుభవంలో పుస్తకం చదివించిన చీటీలే ఎక్కువ.

చెప్పేముందు పుస్తకానికి మ్యాపు పరీక్ష పెట్టండి

మామూలు పాఠకుడికి కథ బాగుంటే సరిపోతుంది. మన ఆటగాడికి చాలదు. రాజు వీరత్వం గురించి మూడు పేజీలు రాసి, వాగు ఎటు పారుతోందో చెప్పని పుస్తకంతో టేబుల్ మీద ఏం చేస్తాం? నేనైతే యుద్ధం ఉన్న అధ్యాయం తెరిచి, పక్కన తెల్లకాగితం పెట్టుకుని మ్యాపు గీయడానికి ప్రయత్నిస్తాను. ఏ గంటకి ఎవరు ఎక్కడున్నారు, ఎంతమంది, నేల ఎలాంటిది, కబురు ఎలా చేరింది. ఇవి దొరికితే గీత సాగుతుంది. లేకపోతే పెన్సిలు ఆగిపోతుంది. ఆగిపోతే ఆ పుస్తకం చదువుకోవడానికి బాగుందేమో, ఆటకి మాత్రం చెప్పను.

ఈ పరీక్షలో బాగా నెగ్గేది అసయే యుద్ధం. మహారాష్ట్రలో, ఇప్పటి జాల్నా జిల్లాలో, 1803 సెప్టెంబరు 23న జరిగింది. ఆర్థర్ వెల్స్లీ, తర్వాతి కాలపు వెల్లింగ్టన్, తన చిన్న సైన్యంతో మరాఠాల మీదికి వెళ్ళాడు. వాళ్ళ దగ్గర వందకు పైగా ఫిరంగులు. మధ్యలో కైల్నా నది. దాటడానికి రేవు లేదన్నారు దారి చూపేవాళ్ళు. ఆయన చూస్తే నదికి ఈ ఒడ్డున ఒక ఊరు, సరిగ్గా ఎదురొడ్డున ఇంకో ఊరు కనిపించాయి. ఎదురెదురుగా రెండు ఊళ్ళు ఉన్నాయంటే వాటి మధ్య రాకపోకలు ఉండకపోవు, కాబట్టి నడిచి దాటే చోటు ఉండి తీరుతుందని లెక్క కట్టాడు. ఉంది. దాటాడు, గెలిచాడు. అయితే ఆయన వైపే 1,500 మందికి పైగా చనిపోవడమో గాయపడడమో జరిగింది. మహేంద్రతనయ ఒడ్డున పెరిగిన మాకు ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. రేవు లేని ఊరెక్కడుంది!

దీని మీద లోతుగా కావాలంటే ర్యాండాల్ఫ్ కూపర్ 2003లో రాసిన 'ది ఆంగ్లో-మరాఠా క్యాంపెయిన్స్' ఉంది. మరాఠా ఫిరంగులు నాసిరకం అనే పాత మాటని గట్టిగా కొట్టిపారేస్తుంది. బరువైన పుస్తకం. రెండేళ్ళుగా ఆడుతున్నవాళ్ళకే చెప్తాను.

లోపం మీరే ముందు చెప్పండి, వీలైతే జోడీ ఇవ్వండి

ఒకే పుస్తకం చదివి వచ్చినవాడితో ఆడడం నరకం. ప్రతి పాచికకీ "పుస్తకంలో అలా లేదు" అంటాడు. దీనికి మందు ఒకదాన్నొకటి కాదనే రెండు పుస్తకాలు.

పసిఫిక్ సముద్రంలో అమెరికా, జపాను నేవీల మధ్య జరిగిన మిడ్‌వే యుద్ధమే తీసుకోండి, 1942 జూన్ 4. యుద్ధం తర్వాత జపాను నేవీ అధికారి ఫుచిదా రాసినదాన్ని బట్టి, జపాను ఓడల డెక్కుల మీద విమానాలు బారులు తీరి ఉన్నాయని, ఇంకో ఐదు నిమిషాల్లో ఎగిరేవే అని లోకమంతా నమ్మింది. 2005లో పార్షల్, టలీ అనే ఇద్దరు 'షాటర్డ్ సోర్డ్' రాసి, జపాను ఓడల విమాన రికార్డులు ముందు పెట్టుకుని ఆ కథ నిలవదని చూపించారు. దాడికి వెళ్ళాల్సిన విమానాలు ఇంకా కింద హ్యాంగర్లలోనే ఉన్నాయట. మిడ్‌వేకి రెండు నెలల ముందే, ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అందుకే ఆ నేవీ కథలంటే మా వైపు పెద్దవాళ్ళకి ఇప్పటికీ చెవులు నిక్కబొడుచుకుంటాయి. హవల్దారు గారికి రెండు పుస్తకాలూ ఇచ్చాను. నెలరోజులు ఆయనతో ఆయనే వాదించుకున్నారు.

మన దగ్గరి యుద్ధాలకి జోడీ మరీ అవసరం. 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధానికి ఆర్మ్ రాసింది ఉంది, దిట్టకవి నారాయణకవి 'రంగారాయ చరిత్ర' ఉంది, ఊరూరా విన్న బుర్రకథ ఉంది. ఆర్మ్‌లో ఫిరంగులు, నిచ్చెనలు, దాడి జరిగిన తీరు దొరుకుతాయి. కోటలోవాళ్ళు ఎందుకు లొంగలేదో మనసుకి తెలిసేది మాత్రం మనవాళ్ళ పద్యాల్లోనే. మామూలు ఆటల్లో సగం మంది పడిపోతే మిగతావాళ్ళు పారిపోవాలని రూల్ ఉంటుంది. బొబ్బిలికి ఆ రూల్ పెడితే ఆట అబద్ధమైపోతుంది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఈ పుస్తకం చేతికిచ్చే ముందు ఎదుటివాళ్ళ అమ్మమ్మగారిది బొబ్బిలి వైపా, విజయనగరం వైపా కనుక్కోండి. నేను కనుక్కోకుండా ఇచ్చి ఒక పెళ్ళి భోజనంలో మూడు గంటలు ఇరుక్కుపోయాను.

అలాగే కృష్ణదేవరాయల కళింగ దండయాత్ర మనం ఒకలా చెప్పుకుంటాం, ప్రతాపరుద్ర గజపతి వైపు నుంచి మా లెక్చరరు గారు ఇంకోలా చెప్తారు. ఉదయగిరి, కొండవీడు ఎవరు ఎలా పట్టారన్నదాని మీద తగువేమీ లేదు, ఆ తర్వాతి సంధికి అర్థం ఏమిటన్న దాని మీదే అంతా. గజపతి జిల్లాలో కూర్చుని ఒక్క తెలుగు పుస్తకం చెప్పి ఊరుకుంటే బాగోదు. ఆయన చెప్పిన ఒడియా వ్యాసం కూడా విన్నాకే పుస్తకం చెప్తాను.

ఇప్పుడు చెప్పండి, కానీ ఐదు వాక్యాల్లో

గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఇక్కడ కూర్చుని గ్రాంథికంలో పుస్తక పరిచయం రాస్తే పాపం తగులుతుంది. నోటితో ఎలా చెప్తామో అలాగే వాట్సాప్‌లో పెట్టండి. డాక్టరు గారికి నేను పెట్టింది ఇదీ:

"డాక్టరు గారూ, మొన్న మీరడిగిన చందుర్తి సంగతి మాలెసన్ పుస్తకంలో ఉంది. ఆ ఒక్క అధ్యాయం చాలు, మిగతాది తర్వాత. చేను చాటు, ఎర్ర కోట్లు అన్నచోట ఆగి మన మ్యాపు పక్కన పెట్టుకోండి. రాసినాయన కంపెనీ పక్షం, మనవాళ్ళని తీసిపారేస్తాడు, కోపం తెచ్చుకోకండి. పేర్ల చీటీ రేపు పంపిస్తాను."

ఏ ప్రశ్నకి జవాబు, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగి చూడాలి, తప్పేమిటి. అంతకు మించి రాస్తే పుస్తకం బదులు మిమ్మల్నే చదువుతారు. 'అద్భుతం', 'తప్పక చదవాల్సినది' లాంటివి వద్దు, వాటి నుంచి ఎవరికీ ఏమీ తెలియదు.

టైమింగ్ కూడా చూసుకోవాలి. వచ్చే ఆదివారం అసయే ఆడబోతూ ఈ ఆదివారం ఒక్కరికే ఆ పుస్తకం ఇస్తే, రేవు ఎక్కడుందో ఆయనకి ముందే తెలిసిపోతుంది. ఇస్తే ఇద్దరికీ ఇవ్వండి, లేదా ఆట అయ్యేదాకా ఆగండి. మేం ఆగుతాం.

ఇచ్చాక అడగకండి

"చదివారా?" అని అడిగితే మనిషి తప్పించుకు తిరుగుతాడు, ఆదివారం ఆటకే రావడం మానేస్తాడు. అడగాలనిపించినప్పుడు ఆ యుద్ధాన్నే టేబుల్ మీద పరచండి.

బ్యాంకు ఆయన విషయంలో అదే జరిగింది. ఏడాదిన్నర తర్వాత మేం 1941లో రష్యా మీద జర్మనీ చేసిన దండయాత్ర ఆడాం. ఆయన జర్మన్ వైపు. ట్యాంకులు మ్యాపు చివరిదాకా దూసుకెళ్ళాయి, అక్కడ పెట్రోలు అందక నిలిచిపోయాయి. "రైళ్ళున్నాయి కదండీ, వాటి మీద పంపితే పోయేది కదా?" అన్నారు. రష్యా పట్టాలు వెడల్పు, జర్మన్ పట్టాలు ఇరుకు, వాళ్ళ బండి ఇక్కడ నడవదు అన్నాను. ఒక్క క్షణం ఆగి, "అంటే మన నౌపడలాగా" అన్నారు. నౌపడలో పెద్ద రైలు దిగి, సామాను మోసుకుంటూ వెళ్ళి పర్లాకిమిడి చిన్న రైలెక్కిన తరం మాది. గుణుపూర్ లైను బ్రాడ్‌గేజ్ అయ్యేదాకా పడ్డ ఆ అవస్థ ఎలాంటిదో మాకు తెలుసు. దాన్ని లక్షల సైన్యానికి ఊహించుకోండి.

ఆ రాత్రి ఆయనే ఫోన్ చేశారు. "మాస్టారూ, మీరప్పుడిచ్చిన పుస్తకంలో ఈ రైళ్ళ సంగతి ఉందా?" ఉంది, రష్యా మీద ఒక అధ్యాయమే ఉంది, అక్కణ్ణించి మొదలుపెట్టండి అన్నాను. పదిహేను రోజుల్లో పుస్తకం తిరిగొచ్చింది. అట్ట మీద మినప్పిండి మరక అలాగే ఉంది. లోపల రష్యా అధ్యాయం నిండా పెన్సిలు గీతలు, ఒకచోట మార్జిన్‌లో 'ఇక్కడే నౌపడ' అని రాసి ఉంది.