గర్భాశయ ముఖద్వార బయాప్సీ తర్వాత ఏది మామూలు, ఎప్పుడు ఆసుపత్రికి వెళ్ళాలి

కాల్పోస్కోపీలో, అంటే గర్భాశయ ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరీక్షలో, అనుమానం కలిగిన చోట నుంచి చిన్న ముక్క తీయించుకున్న వారిని ఎక్కువగా భయపెట్టేది నొప్పి కాదు, ఆ తర్వాత ప్యాడ్ మీద కనిపించే నల్లటి మరక. రక్తం ఆగడానికి వైద్యులు గాయం మీద తరచుగా మాన్సెల్స్ ద్రావణం అనే ఇనుప లవణపు మందును పూస్తారు. అది రక్తంతో కలిసి, తడిసిన కాఫీ పొడిలాగా ముదురు గోధుమ రంగులోనో నల్లగానో, ఒక్కోసారి చిన్న చిన్న పలుకులుగా, కొన్ని రోజుల పాటు బయటికి వస్తుంది. సిల్వర్ నైట్రేట్ వాడితే బూడిద రంగు, పరీక్షలో అయోడిన్ పూస్తే గోధుమ రంగు కనిపించవచ్చు. అందుచేత ఏ మందు పూశారో ఇంటికి బయలుదేరే ముందే అడిగి తెలుసుకుంటే, అర్ధరాత్రి అనవసరమైన కంగారు తప్పుతుంది.

బల్ల మీద నుంచి లేవగానే కొందరికి కళ్ళు తిరుగుతాయి, చెమటలు పడతాయి, వికారం కలుగుతుంది. ముఖద్వారాన్ని తాకినప్పుడు నరాల ప్రతిస్పందన వల్ల నాడి, రక్తపోటు కాసేపు తగ్గడమే దీనికి కారణం. కొద్దిసేపు పడుకుంటే సర్దుకుంటుంది కాని, ఆ రోజు ఒంటరిగా బండి నడుపుకుంటూ ఇంటికి రాకపోవడమే మేలు.

పొత్తికడుపులో నెలసరి నొప్పి వంటిది ఒకటి రెండు రోజులు ఉంటే పారాసిటమాల్ సాధారణంగా సరిపోతుంది. ఆస్పిరిన్ మాత్రం సొంతంగా వేసుకోకూడదు. గుండె జబ్బుకు రక్తం పలుచబరిచే మందులు ముందు నుంచే వాడుతున్నవారు వాటిని సొంతంగా ఆపనూ కూడదు. వైద్యులు చెప్పిన గడువు వరకు, అంటే సాధారణంగా వారం లోపు, ప్యాడ్లే వాడాలి. టాంపన్లు, మెన్‌స్ట్రువల్ కప్పులు, లైంగిక సంబంధం మానాలి. శుభ్రత పేరుతో డెటాల్ నీళ్ళతోనో ఉప్పు నీళ్ళతోనో లోపల కడుక్కోవడం మానవలసిన వాటిలో మొదటిది.

లీప్ (విద్యుత్ ప్రవహించే సన్నని తీగతో ముఖద్వారపు కణజాలాన్ని కోసి తీయడం) లేదా కోన్ బయాప్సీ (శంకువు ఆకారంలో పెద్ద ముక్క తీయడం) జరిగితే లెక్క వేరు. గాయం పెద్దది కనుక నీళ్ళలాంటి స్రావం మూడు నాలుగు వారాలు ఉండవచ్చు, పై జాగ్రత్తలు కూడా సుమారు నాలుగు వారాలు పాటించాలి. అంతా తగ్గిందనుకున్న సమయంలో, వారం పది రోజులకు, పక్కు ఊడి రక్తస్రావం మళ్ళీ కొద్దిగా పెరగవచ్చు.

అయితే గంటకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా, జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా, స్రావం దుర్వాసన వేస్తున్నా, మాత్రకు లొంగని నొప్పి ఉన్నా ఆ రోజే వైద్యులకు చూపించుకోవాలి. రక్తం ఆగక స్పృహ తప్పుతున్నట్లుంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 108కి ఫోన్ చేయాలి.

రిపోర్టు సాధారణంగా ఒకటి రెండు వారాల్లో వస్తుంది. ఆసుపత్రి నుంచి ఫోన్ రాలేదంటే అంతా బాగుందని అనుకోకుండా, స్వయంగా వెళ్ళి రిపోర్టు తీసుకుని వైద్యులకు చూపించాలి.