చంటిపిల్లల గుండెను పరీక్షించే పద్ధతి: స్టెతస్కోప్ ఆఖరున

పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్లో ఇంచుమించు 8 నుంచి 9 మందికి గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపం ఉంటుంది. వీరిలో దాదాపు నాలుగో వంతు మందికి మొదటి ఏడాదిలోనే శస్త్రచికిత్స గానీ, కాథెటర్ (రక్తనాళంలోకి పంపే సన్నని గొట్టం) ద్వారా చేసే చికిత్స గానీ అవసరమవుతుంది. గుంటూరులోనూ విజయవాడలోనూ ఎకో పరీక్ష (గుండెను చూపించే అల్ట్రాసౌండ్ స్కాన్) అందుబాటులో ఉంది కాబట్టి చేత్తో చేసే పరీక్షకు పని తగ్గిందని కొందరు అనుకుంటారు. అయితే ఏ బిడ్డను ఎకోకు పంపాలి, ఎంత త్వరగా పంపాలి అన్నది తేల్చవలసింది పల్లెలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, బాలింతల వార్డులోనో ఆ బిడ్డను మొదట చేతుల్లోకి తీసుకున్నవారే. ముఖ్యంగా కొత్తగా పనిలో చేరిన హౌస్ సర్జన్ల కోసం, స్టాఫ్ నర్సుల కోసం ఈ పద్ధతిని వివరిస్తున్నాను. ఇందులో నేను పట్టుబట్టి చెప్పదలచినది ఒకటే: స్టెతస్కోప్ చెవులకు తగిలించుకోవడం ఈ పరీక్షలో ఆఖరి పని. అడిగి, చూసి, నాడి పట్టి తెలుసుకోవలసినదంతా అంతకుముందే తెలుసుకోవాలి.

ముందుగా గుండె అమరికను మనసులో ఉంచుకోవాలి. శరీరమంతా తిరిగి వచ్చిన రక్తం రెండు మహాసిరల ద్వారా కుడి కర్ణికలోకి, అక్కడినుంచి ట్రైకస్పిడ్ కవాటం దాటి కుడి జఠరికలోకి, ఆపైన పుపుస ధమని ద్వారా ఊపిరితిత్తులకు చేరుతుంది. అక్కడ ఆక్సిజన్ నింపుకొన్న రక్తం పుపుస సిరల ద్వారా ఎడమ కర్ణికకు వచ్చి, మైట్రల్ కవాటం దాటి, ఎడమ జఠరిక నుంచి బృహద్ధమనిలోకి వెళుతుంది. తల్లి కడుపులో ఉన్నంతకాలం ఈ ఏర్పాటు వేరు. ఆక్సిజన్ మాయ ద్వారానే అందుతుంది కనుక ఊపిరితిత్తులకు అంత రక్తం అక్కరలేదు. అందుకే కర్ణికల మధ్య ఫొరామెన్ ఒవేల్ అనే ద్వారం, పుపుస ధమనికీ బృహద్ధమనికీ మధ్య డక్టస్ ఆర్టీరియోసస్ అనే నాళం తెరిచి ఉంటాయి. నెలలు నిండి పుట్టిన బిడ్డలో డక్టస్ సాధారణంగా మొదటి రెండు మూడు రోజుల్లో పనిచేయడం మానేసి, రెండు మూడు వారాల్లో పూర్తిగా మూసుకుపోతుంది. ఊపిరితిత్తుల రక్తనాళాల బిగువు మాత్రం ఒక్కసారిగా సడలదు. కొన్ని వారాలపాటు మెల్లగా తగ్గుతూ వస్తుంది.

ఈ రెండు మార్పులు ఎప్పుడు జరుగుతాయో తెలిస్తే పరీక్షలో సగం చిక్కు వీడుతుంది. బృహద్ధమని బాగా ఇరుకైన బిడ్డకు గానీ, ఊపిరితిత్తులకు రక్తం డక్టస్ మీదుగానే అందుతున్న బిడ్డకు గానీ మొదటి రోజున పైకి ఏమీ కనిపించకపోవచ్చు. డక్టస్ మూసుకోవడం మొదలైనప్పుడు, అంటే తరచుగా ఇంటికి వెళ్ళిపోయిన తరువాతే, బిడ్డ ఒక్కసారిగా నీరసించిపోతుంది. జఠరికల మధ్య గోడలో పెద్ద రంధ్రం ఉన్న బిడ్డ కథ ఇందుకు భిన్నం. పుట్టినప్పుడు రెండు వైపులా ఒత్తిడి ఇంచుమించు సమానంగా ఉంటుంది కాబట్టి మర్మర్ (గుండె చప్పుళ్ళ మధ్య వినిపించే అదనపు హోరు) వినిపించదు. నాలుగు నుంచి ఆరు వారాల వయసుకు ఊపిరితిత్తుల్లో బిగువు తగ్గి, రక్తం అటు ఎక్కువగా మళ్ళినప్పుడు మర్మర్‌తోపాటు ఆయాసమూ బయటపడుతుంది. కనుక పుట్టినరోజున రాసిన ‘గుండె మామూలుగా ఉంది’ అన్న మాటను ఆ ఒక్క రోజుకే పరిమితంగా తీసుకోవాలి. ఆరో వారం టీకాకు తల్లి బిడ్డను ఎలాగూ తీసుకువస్తుంది. ఆ రోజున సూదికి ముందు ఐదు నిమిషాలు గుండెకు కేటాయించడం మన చేతిలో ఉన్న గొప్ప అవకాశం.

ఇక అడగడం. చంటిబిడ్డకు పాలు తాగడమే పెద్ద శ్రమ, అందుచేత పెద్దవారిని మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అని అడిగే చోట ఇక్కడ పాల గురించి అడగాలి. ‘పాలు ఒక్క పట్టున తాగుతున్నాడా అమ్మా, రెండు గుక్కలు తాగి ఆగి ఎగపోస్తున్నాడా? ఎంతసేపు పడుతోంది? తాగి పడుకున్నాక ఆకలితో వెంటనే లేస్తున్నాడా?’ అని ఆమె మాటల్లోనే అడగండి. అరగంట దాటినా కడుపు నిండని బిడ్డ విషయంలో జాగ్రత్తపడాలి. చెమట గురించి అడిగేటప్పుడు మన ఊళ్ళ ఎండను మరవకూడదు. మే నెలలో విజయవాడలో ప్రతి బిడ్డకూ చెమట పడుతుంది; తెల్లవారుజామున చల్లటి వేళ పాలు తాగుతున్నప్పుడు కూడా నుదురు, తల తడిసిపోతున్నాయా అన్నదే అసలు ప్రశ్న. బరువు కోసం తల్లీబిడ్డల కార్డు చూడండి. పురుడు పుట్టింట్లో జరిగి, తరువాత బిడ్డ అత్తవారి ఊరికి వచ్చినప్పుడు ఆ కార్డు, డిశ్చార్జి కాగితం తరచుగా అక్కడే ఉండిపోతాయి. ఫోనులో ఫొటో తీసి పంపమంటే కొద్దిసేపట్లో అందుతాయి.

మేనరికమా, తల్లికి గర్భంలో షుగరు ఉందా, మొదటి నెలల్లో ఒంటిమీద దద్దురుతో జ్వరం వచ్చిందా, ఫిట్స్ మందులు వాడిందా, ఇంట్లో ఇంకెవరికైనా పుట్టుకతో గుండె జబ్బు ఉందా అన్నవి కూడా అడగాలి. అయితే అడిగే తీరులో నింద ధ్వనించకూడదు. గ్రహణం నాడు బయటికి వచ్చిందనో, ఫలానాది తిన్నదనో కోడలిని తప్పుపట్టే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఎక్కువమంది పిల్లల్లో కారణం ఇదీ అని తేలదనీ, తల్లి చేసిన తప్పేమీ లేదనీ అత్తగారి ఎదుటే స్పష్టంగా చెప్పడం వైద్యంలో భాగమే.

పరీక్షకు బిడ్డను బల్లమీదికి మార్చకండి, తల్లి ఒడిలోనే ఉంచండి. చొక్కా పూర్తిగా తీయించండి. కాళ్ళ పట్టీలు, చేతి గాజులు కూడా తీయించాలి. పట్టీల మువ్వల చప్పుడులో సన్నని మర్మర్ కలిసిపోతుంది. గుండె వినే ఆ రెండు నిమిషాలు ఫ్యాను ఆపించండి. వేసవిలో ఇది ఇబ్బందే, కానీ మరో దారి లేదు.

మొదట ముట్టుకోకుండా చూడండి. శ్వాసను నిమిషమంతా లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చవేస్తే చంటిపిల్లల్లో తప్పు వస్తుంది. రెండు నెలల లోపు 60, రెండు నెలల నుంచి ఏడాది వరకు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ వరకు 40, లేదా అంతకు మించితే వేగమని అర్థం. డొక్కలు ఎగరేయకుండా హాయిగా కనిపిస్తూనే వేగంగా ఊపిరి తీసే బిడ్డ విషయంలో గుండెను తప్పక అనుమానించాలి. రంగును నాలుక మీద, పెదవి లోపలి వైపున, పగటి వెలుతురులో చూడాలి. చేతులు, కాళ్ళు మాత్రమే నీలంగా ఉండటం పుట్టిన కొత్తలో చలివల్ల కూడా జరుగుతుంది. నాలుక నీలమైతే అది వేరే సంగతి. రక్తహీనత ఉన్న బిడ్డలో నీలం పైకి తేలదని గుర్తుంచుకోండి. డౌన్ సిండ్రోమ్ (ఒక క్రోమోజోమ్ అదనంగా ఉండటం వల్ల పుట్టుకతో వచ్చే స్థితి) లక్షణాలు కనిపిస్తే, మర్మర్ ఉన్నా లేకపోయినా ఎకో చేయించాలి, ఎందుకంటే ఆ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది.

తరువాత నాడి. ఎక్కువగా వదిలేసేది ఇదే, వదిలేయకూడనిదీ ఇదే. డైపరు విప్పి, తొడను కాస్త మడిచి పక్కకు వాల్చి, గజ్జ మడత మధ్యభాగంలో చూపుడువేలి కొసను తేలికగా ఆనించండి. గట్టిగా నొక్కితే నాడి అణిగిపోయి మీకు అందదు. రెండో చేత్తో కుడి మోచేతి దగ్గరి నాడిని పట్టుకొని, రెండింటినీ ఒకేసారి పోల్చండి. చేతి నాడి బలంగా ఉండి గజ్జలో నాడి అందకపోయినా, బలహీనంగా ఉన్నా, చేతికన్నా ఆలస్యంగా తగిలినా బృహద్ధమని ఇరుకైందని అనుమానించాలి. బిడ్డ ఏడుస్తుంటే పాలు పట్టమని చెప్పి, వేలు అక్కడే ఉంచి వేచి ఉండండి. నాడి దొరకకపోయినా ‘బాగుంది’ అని రాసేయడం కన్నా మరో పది నిమిషాలు ఆగడం మేలు. చేతిలోనూ కాలిలోనూ రక్తపోటు చూడండి. మామూలుగా కాలిలో చేతితో సమానంగానో, ఎక్కువగానో ఉంటుంది. చేతిలో 20 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా ఎక్కువగా ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. కఫ్ (రక్తపోటు చూసేందుకు జబ్బకు చుట్టే పట్టీ) వెడల్పు జబ్బ చుట్టుకొలతలో 40 శాతం ఉండాలి, చిన్న కఫ్ వాడితే లేని అధిక రక్తపోటు కనిపిస్తుంది.

నవజాత శిశువుకు 24 గంటలు నిండాక, డిశ్చార్జికి ముందు రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపే పల్స్ ఆక్సీమీటరు పరీక్ష తప్పనిసరిగా చేయాలి. కుడి చేతికి ఒకసారి, ఏదో ఒక పాదానికి ఒకసారి పెట్టాలి. ఎడమ చెయ్యి పనికిరాదు, ఎందుకంటే అక్కడికి డక్టస్ మీదుగా వచ్చిన రక్తం కలిసే అవకాశం ఉంది. రెండింటిలో ఒకటైనా 95 శాతం లేదా అంతకు మించి ఉండి, తేడా 3 శాతం లోపు ఉంటే సరే. ఎక్కడైనా 90కి తగ్గితే అప్పటికప్పుడే వైద్యుడు చూడాలి. ఈ మధ్యలో ఉంటే గంట ఆగి మళ్ళీ, అవసరమైతే మూడోసారి కూడా చూసి, అప్పటికీ మారకపోతే ఎకోకు పంపాలి. పాదం చల్లగా ఉంటే ముందు వెచ్చబరచాలి. ఈ పరీక్షలో నెగ్గినంత మాత్రాన బృహద్ధమని ఇరుకు లేదని చెప్పలేము కాబట్టి, గజ్జలో నాడి చూడటం దీనితో తీరిపోదు.

అరచేతిని ఛాతీమీద ఆనించి గుండె కొట్టుకునే తీరు చూడండి. చిన్నపిల్లల్లో గుండె కొస ఎడమవైపు నాలుగో పక్కటెముక సందులో తగులుతుంది. ఏడేళ్ళ తరువాత ఐదో సందుకు దిగుతుంది. ఎడమవైపు దొరకకపోతే కుడివైపు వెతకండి. కాలేయం అంచు పక్కటెముకల కింద ఒకటి రెండు సెంటీమీటర్లు తగలడం చంటిపిల్లల్లో మామూలే, అంతకు మించితే గుండె అలసిపోతున్నదని అర్థం కావచ్చు. కాళ్ళవాపు కోసం ఎదురుచూడకండి. అది పెద్దవారి లక్షణం, ఈ వయసులో అరుదు.

ఇప్పుడు స్టెతస్కోప్. రొమ్ము ఎముకకు ఎడమ కింద, ఎడమ పైన, కుడి పైన, గుండె కొస దగ్గర, ఎడమ మెడ ఎముక కింద, చివరగా వీపున రెండు భుజపుటెముకల మధ్య, ఇదే వరుసలో వినండి. ముందు గుండె చేసే రెండు శబ్దాలనూ విడిగా వినాలి, మర్మర్ కోసం తొందరపడకూడదు. రెండో శబ్దం ఊపిరి పీల్చినా వదిలినా ఒకే ఎడంతో రెండుగా చీలి వినిపిస్తే కర్ణికల మధ్య రంధ్రాన్ని అనుమానించాలి. ఆ పిల్లలు ఏ బాధా లేకుండా పెరుగుతారు కనుక, ఈ చిన్న ఆనవాలు పట్టుకోకపోతే పెళ్ళీడు వచ్చేదాకా బయటపడకపోవచ్చు. జఠరికల మధ్య రంధ్రంలో ఎడమ కింద సిస్టోల్ (గుండె ముడుచుకునే సమయం) అంతా నిండిన గరుకు మర్మర్ ఉంటుంది. చిన్న రంధ్రానికే ఎక్కువ చప్పుడు కావచ్చు. డక్టస్ తెరిచి ఉంటే ఎడమ మెడ ఎముక కింద ఆగకుండా యంత్రం తిరుగుతున్నట్టు వినిపిస్తుంది, నాడి ఎగిసి ఎగిసి కొడుతుంది.

మర్మర్ వినిపించిన ప్రతి బిడ్డకూ జబ్బు ఉన్నట్టు కాదు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల్లో ఎడమ కింద తీగ మీటినట్టు మృదువుగా వినిపించి, పడుకోబెడితే పెరిగి, కూర్చోబెడితే తగ్గే మర్మర్ నిరపాయకరం. కూర్చున్నప్పుడు కుడి మెడ ఎముక కింద వినిపించి, పడుకోగానే మాయమయ్యే హోరు కూడా అంతే. జ్వరంలోనూ రక్తహీనతలోనూ ఇవి పెరుగుతాయి కాబట్టి, జ్వరం తగ్గాక మరొకసారి వినండి. గుండె సడలే సమయమైన డయాస్టోల్‌లో వచ్చే మర్మర్‌ను, చేతికి కంపనంలా తగిలే మర్మర్‌ను, నాడిలోనో రంగులోనో తేడా ఉన్న బిడ్డలో వినిపించే ఏ మర్మర్‌నూ నిరపాయకరమని అనకూడదు. తేలకముందే ‘గుండెలో రంధ్రం’ అన్న మాట నోరుజారకండి. ఆ మాట ఊరంతా పాకుతుంది, ఆడపిల్లను అయితే పెళ్ళిదాకా వెంటాడుతుంది.

నీలి బిడ్డల్లో, పసితనం దాటిన వయసులో, ఎక్కువగా కనిపించేది టెట్రాలజీ ఆఫ్ ఫాలో, అంటే గుండెలో నాలుగు లోపాలు కలిసి ఉండే జబ్బు. 1888లో ఫ్రెంచి వైద్యుడు ఫాలో దీన్ని వివరించాడు. నడిచే వయసు పిల్లవాడు ఆటమధ్యలో గొంతుకూర్చుని సేదదీరుతున్నాడని తల్లి చెబితే దీన్ని తలచుకోండి. ఈ పిల్లలకు పొద్దున లేచి ఏడ్చినప్పుడో, విరేచనానికి ముక్కినప్పుడో నీలం ఒక్కసారిగా ముదిరి, ఊపిరి లోతుగా, వేగంగా మారి, స్పృహ తప్పవచ్చు. అప్పుడు మోకాళ్ళను ఛాతీకి ఆనేలా మడిచి తల్లి ఒడిలోనే పట్టుకోవాలి, ఆక్సిజన్ ఇవ్వాలి, సూదులతో బిడ్డను మరింత ఏడిపించకూడదు. తేరుకోకపోతే సెలైన్, మార్ఫిన్, ప్రొప్రనొలాల్ ఇవ్వగల చోటికి చేర్చాలి. మన వేసవిలో ఈ పిల్లల్లో నీటి శాతం తగ్గనివ్వడం ప్రమాదకరం, విరేచనాలయితే మొదటి గంట నుంచే ఓఆర్ఎస్ పట్టించాలి. ఐరన్ లోపం ఉన్నా ఈ దాడులు ఎక్కువవుతాయి కనుక దాన్నీ సరిదిద్దాలి.

నాలుక నీలంగా ఉన్న నవజాత శిశువు, గజ్జలో నాడి అందని బిడ్డ, పాలు తాగలేనంత ఆయాసం ఉన్న బిడ్డ ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. డక్టస్ మీద ఆధారపడిన బిడ్డకు ప్రోస్టాగ్లాండిన్ (డక్టస్‌ను తెరిచి ఉంచే మందు) మొదలుపెడితే దారిలో ఊపిరి ఆగే ప్రమాదం ఉంది, కాబట్టి శ్వాస అందించగలవారు వెంట ఉండాలి. బిడ్డను తల్లి ఛాతీకి హత్తుకొని వెచ్చగా తీసుకువెళ్ళాలి. తక్కినవారిని 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందానికి అప్పగించవచ్చు. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు దాని పరిధిలోకి వస్తారు, పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు అందులో ఉన్నాయి. శస్త్రచికిత్స ఖర్చు విషయంలో ఎన్టీఆర్ వైద్యసేవ గురించి తల్లిదండ్రులకు అక్కడే చెప్పి, కార్డు, ఆధార్ వెంట తీసుకువెళ్ళమనండి. రెఫరల్ చీటీ మీద ‘గుండె జబ్బు అనుమానం’ అని మాత్రం రాసి వదిలేయకుండా బరువు, నిమిషానికి శ్వాస, కుడి చేతి, పాదం ఆక్సిజన్ శాతాలు, రెండు గజ్జల నాడి, చేతి కాలి రక్తపోటు, కాలేయం ఎన్ని సెంటీమీటర్లు తగిలిందీ, మర్మర్ ఎక్కడ వినిపించిందీ, చూసిన సమయం రాసి, బయలుదేరే ముందు అక్కడి డ్యూటీ డాక్టరుకు ఫోను చేయండి.