వానల్లో రక్తం ప్యాకెట్ తెస్తున్నారా? ఎక్కించే ముందు ఇవి చూడండి

గోదావరికి వరదలొచ్చే రోజుల్లోనే మన దగ్గర డెంగీ జ్వరాలూ ఎక్కువ. కాకినాడలోనో రాజమండ్రిలోనో ప్యాకెట్ తీసుకుని కోనసీమ ఊళ్ళకి బయల్దేరేది చాలాసార్లు పేషెంట్ తాలూకు మనుషులే. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త ప్లేట్‌లెట్స్‌తోనే, అంటే రక్తం గడ్డకట్టడానికి సాయపడే కణాలతో. వాటిని 20 నుంచి 24 డిగ్రీల మధ్య, కదుపుతూ ఉంచాలి. ఆ వెచ్చదనం బాక్టీరియాకీ హాయే. దాత చర్మం మీది క్రిమి ఒక్కటి సూదితో పాటు లోపలికి పోయినా రెండు మూడు రోజుల్లో కోట్లవుతుంది. ఎక్కువ బ్లడ్ బ్యాంకుల్లో 5 రోజులే గడువు పెట్టడానికి కారణమిదే. అలాగని ఐస్‌లో పెట్టకండి, పాడైపోతాయి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని మెల్లగా వంచితే లోపల పొగ సుడి తిరిగినట్టు కదలాలి. ఆ సుడి లేకపోయినా, ఉండలు కనిపించినా వెనక్కి ఇచ్చేయండి.

ఎర్రకణాల ప్యాకెట్‌ని 2 నుంచి 6 డిగ్రీల చల్లదనంలో ఉంచుతారు. ఫ్రిజ్‌లో ఉంది కదా అని ధీమా వద్దు, యెర్సీనియా లాంటి కొన్ని క్రిములు ఆ చలిలోనూ పెరుగుతాయి. బ్యాగుకి వేలాడే సీలు వేసిన చిన్న ట్యూబు ముక్కల్ని చూడండి. ముక్కల్లో రక్తం ఎర్రగా ఉండి, బ్యాగులోది నల్లగా, ఊదాగా ఉంటే అనుమానించాల్సిందే. క్రిములు ఆక్సిజన్‌ని తినేస్తే రంగు అలా మారుతుంది. బుడగలు, గడ్డలు, లీకు ఉన్నా అంతే.

దారిలో ఐస్ ప్యాక్ బ్యాగుకి నేరుగా తగలకుండా చూడండి. ఎర్రకణాలు చల్లటి పెట్టెలోంచి బయటికి తీశాక అరగంటలో ఎక్కించడం మొదలవ్వాలి, 4 గంటల్లో అయిపోవాలి. కరెంటు పోయిందనో డాక్టర్ రాలేదనో వార్డు ఫ్రిజ్‌లో దాచొద్దు. చల్లగా ఉందని వేణ్ణీళ్ళలో పెట్టడం మరీ ప్రమాదం.

చూడ్డానికి బాగున్న బ్యాగులోనూ క్రిములు ఉండొచ్చు. అందుకే మొదటి పావుగంట మంచం పక్కనుంచి కదలకండి. చలితో వణుకు, జ్వరం, ఆయాసం, నడుం నొప్పి కనిపిస్తే వెంటనే సిస్టర్‌ని కేకేసి ఎక్కించడం ఆపించండి. ఆ బ్యాగునీ, ట్యూబునీ పారేయనివ్వకండి. అవి బ్లడ్ బ్యాంకుకి తిరిగి వెళ్ళాలి. బ్యాగులోదీ పేషెంటుదీ రెండు రక్తాలనీ కల్చర్ చేస్తేనే, అంటే ల్యాబులో క్రిముల్ని పెంచి చూస్తేనే, క్రిమి ఏదో తేలుతుంది. అదే దాత నుంచి తీసిన మిగతా ప్యాకెట్లు ఇంకో ఊళ్ళో ఎవరికీ ఎక్కకుండా ఆపడానికీ ఆ కబురే ఆధారం.